ఆర్‌వీకి ఎర్త్ అంటే ఆ ఒక్క పచ్చ తీగే

ఆర్‌వీ (చక్రాల మీద తిరిగే ఇల్లు) మెట్టు ఎక్కబోతూ తలుపు పిడి పట్టుకోగానే చేతికి జివ్వుమంటే చెయ్యాల్సిన పని ఒకటే. వెనక్కి వచ్చి పెడెస్టల్ (పార్కులో బండికి కరెంటిచ్చే పెట్టె) దగ్గర బ్రేకర్ ఆపెయ్యాలి. మన ఇళ్లలో ఫ్రిజ్ తలుపో గీజరు కుళాయో ఇలా జివ్వుమంటే ‘ఎర్త్ కొడుతోంది’ అనుకుని, చెప్పులేసుకుని పని కానిచ్చేసే అలవాటు ఉంది. ఆ మాటే తిరగబడింది. కొడుతున్నది ఎర్త్ కాదు, ఎర్త్ లేకపోవడం. ఆర్‌వీ దగ్గర ఈ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. వానకి తడిసిన గడ్డిలో వట్టి కాళ్లతో ఆడుకుని పరిగెత్తుకొచ్చే పిల్లాడు ముందు పట్టుకునేది ఆ పిడినే.

అమెరికాలో సెలవులకి ఆర్‌వీ అద్దెకి తీసుకునే తెలుగు కుటుంబాల కోసం, వ్యాన్ కొని లోపలి వైరింగ్ సొంతంగా చేసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అంకెలన్నీ అక్కడివే: 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇవే అంకెలు పట్టుకుని మన ఊళ్లో టెంపో ట్రావెలర్‌ని క్యారవాన్‌గా మార్చొద్దు. 230 వోల్టుల పద్ధతి వేరు. ఆ పద్ధతిలో ఫేజునీ న్యూట్రల్‌నీ కలిపి తెంచే డబుల్ పోల్ ఎంసీబీ, లీకేజీని చూసి తెంచే 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ లెక్కలోకి వస్తాయి.

నియమాలు మూడు చోట్ల ఉన్నాయి. 120 వోల్టుల వైరింగ్‌కీ, పార్కుల్లోని పెడెస్టళ్లకీ ఎన్‌ఈసీ (అమెరికా విద్యుత్ నియమావళి)లోని 551వ ఆర్టికల్. 12 వోల్టుల వైరింగ్‌కి ఏఎన్‌ఎస్‌ఐ/ఆర్‌వీఐఏ ఎల్‌వీ అనే ప్రమాణం. గ్యాసు, అలారాలు, అత్యవసరంగా బయటపడే దారి లాంటివాటికి ఎన్‌ఎఫ్‌పీఏ 1192. తలుపు దగ్గర ఆర్‌వీఐఏ (ఆర్‌వీ పరిశ్రమ సంఘం) సీలు కనబడితే, తయారీదారు ఈ నియమాలు పాటించానని చెప్పినట్టు. ఆ మాట బండి ఫ్యాక్టరీ దాటిన రోజుకే వర్తిస్తుంది. తర్వాత ఎవరు కరెంటు ప్యానెల్ విప్పారో, ఎవరు ఇన్వర్టర్ దూర్చారో సీలుకి తెలియదు. సొంతంగా చేసుకున్న వ్యాన్‌కి అసలు సీలే ఉండదు.

టైర్ల మీద ఇల్లు

ఛాసిస్, పైన అల్యూమినియం తొడుగు, మెట్లు, గ్యాసు పైపు, ఇవన్నీ ఆర్‌వీలో ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. ప్యానెల్ నుంచి ఛాసిస్‌కి వెళ్లే తీగ కనీసం 8 గేజు (గేజు అంకె తగ్గేకొద్దీ తీగ లావు) రాగిది ఉండాలని 551వ ఆర్టికల్ చెబుతుంది. ఆ లోహమంతా కలిసి రబ్బరు టైర్ల మీద కూర్చుంటుంది. దాన్ని సున్నా వోల్టుల దగ్గర పట్టి ఉంచేది పెడెస్టల్ నుంచి వచ్చే కార్డులోని పచ్చ తీగ ఒక్కటే. ఆ తీగ తెగినా లోపల ఏమీ ఆగదు. లైట్లు వెలుగుతాయి, ఏసీ తిరుగుతుంది, ఫోన్ చార్జ్ అవుతుంది. అందుకే తెగిన సంగతి ఎవరికీ తెలియదు.

తెగడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. పెడెస్టల్ రిసెప్టకిల్ (ప్లగ్గు దూర్చే సాకెట్) వెనక తుప్పు పట్టిన స్క్రూ చాలు. ఎర్త్ పిన్ను విరిగిన ఎక్స్‌టెన్షన్ చాలు. రెండు బొర్రల ప్లగ్గులో పట్టడం లేదని మూడో పిన్ను కోసేసిన అడాప్టర్ చాలు. ఇక రెండో వైపు నుంచి లీకేజీ రావాలి. అది ఆర్‌వీలో దాదాపు ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది. వాటర్ హీటర్‌లో నీళ్లు నిండకుండా ఎలక్ట్రిక్ స్విచ్ వేస్తే ఎలిమెంట్ చూస్తుండగానే మాడిపోతుంది, దాని తొడుగు చిట్లుతుంది. ఆ తర్వాత టాంకులో నీళ్లు నింపితే ఫేజు నీళ్లలోకి, నీళ్ల నుంచి టాంకుకి, టాంకు నుంచి ఛాసిస్‌కి పాకుతుంది. పచ్చ తీగ బాగుంటే ఆ కరెంటు దాని దారిన వెనక్కి పోతుంది, ఎక్కువైతే బ్రేకర్ పడుతుంది. పచ్చ తీగ తెగి ఉంటే బండి ఒళ్లంతా 120 వోల్టులకి ఎక్కి ఎవరైనా ముట్టుకునేదాకా అలాగే ఉంటుంది. అమెరికాలో దీన్ని హాట్ స్కిన్ అంటారు.

‘లోపల జీఎఫ్‌సీఐ ఉంది కదా’ అనుకోవడం ఇక్కడ పెద్ద పొరపాటు. లీకేజీని పసిగట్టే ఈ పరికరం, వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ మధ్య 4 నుంచి 6 మిల్లీఆంప్‌ల తేడాకే తెంచేస్తుంది, నిజమే. బాత్రూమ్‌లో, సింకుకి 6 అడుగుల లోపల, బండి బయటి వైపు ఉన్న ప్లగ్గులకి అది ఉండి తీరాలని నియమం కూడా ఉంది. కానీ అది తన వెనక ఉన్న ప్లగ్గుల్ని మాత్రమే కాస్తుంది. వాటర్ హీటర్, కన్వర్టర్ (120 వోల్టుల ఏసీని 12 వోల్టుల డీసీగా మార్చి బ్యాటరీని చార్జ్ చేసేది), రూఫ్ ఏసీ మామూలుగా వేరే సర్క్యూట్ల మీద ఉంటాయి. పెడెస్టల్‌లో కూడా జీఎఫ్‌సీఐ ఉండేది 15, 20 ఆంప్‌ల ప్లగ్గులకే. మీరు బండి తగిలించే 30, 50 ఆంప్‌ల వాటికి కాదు.

మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఎర్త్ అనగానే మనకి గుర్తొచ్చేది ఉప్పు, బొగ్గు వేసి పాతిన పైపు. ఆ లెక్కన ఆర్‌వీ పక్కన ఒక రాగి రాడ్డు దిగ్గొట్టి ఛాసిస్‌కి తీగ కడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. రాడ్డుకీ మట్టికీ మధ్య నిరోధం 25 ఓమ్‌లు ఉందనుకుందాం. 120ని 25తో భాగిస్తే 4.8 ఆంప్‌లు. ఆ కరెంటుకి 20 ఆంప్‌ల బ్రేకర్ కదలను కూడా కదలదు. ఛాసిస్ మీద వోల్టేజీ అలాగే ఉంటుంది, పైగా రాడ్డు చుట్టూ నేల కూడా ప్రమాదకరం అవుతుంది. బ్రేకర్ పడాలంటే కరెంటు మట్టిలోంచి కాదు, రాగి తీగలోంచే సర్వీస్ ప్యానెల్‌కి (పార్కు లేదా ఇంటి మెయిన్ బోర్డుకి) తిరిగి వెళ్లాలి. అక్కడ పచ్చ తీగ న్యూట్రల్‌తో కలుస్తుంది. ఆ దారిలో నిరోధం ఓమ్‌లో చిన్న భాగం కాబట్టి వందల ఆంప్‌లు ప్రవహించి బ్రేకర్ ఆ క్షణంలోనే పడుతుంది. రాడ్డు పని పిడుగుల సంగతి చూడటం. పచ్చ తీగకి అది బదులు కాదు.

న్యూట్రల్, ఎర్త్ కలవాల్సింది ఆ సర్వీస్ దగ్గర ఒక్కచోటే. ఆర్‌వీ ప్యానెల్ లోపల అవి కలవకూడదు. ఇంటి వైరింగ్ బాగా తెలిసిన ఎలక్ట్రీషియన్ కూడా ఇక్కడ తప్పు చేస్తాడు. కొత్త ప్యానెల్‌తో వచ్చిన ఆకుపచ్చ బాండింగ్ స్క్రూని (న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేది) ఇంట్లో బిగించినట్టే బిగించేస్తాడు. అప్పట్నించి న్యూట్రల్‌లో పోవాల్సిన కరెంటులో కొంత ఛాసిస్ మీదుగా పచ్చ తీగలో పోతుంది. దారిలో న్యూట్రల్ తెగితే లోడంతా పచ్చ తీగ మీదే పడుతుంది. ఆపై పచ్చ తీగ కూడా వదులైతే ఇక చెప్పేదేముంది. ఇంటి దగ్గర జీఎఫ్‌సీఐ ప్లగ్గుకి బండి తగిలించగానే ట్రిప్ అవుతుంటే ముందు అనుమానించాల్సినవి రెండు: లోపల ఎక్కడో న్యూట్రల్, ఎర్త్ తగులుకోవడం, లేదా వాటర్ హీటర్ ఎలిమెంట్. ట్రాన్స్‌ఫర్ స్విచ్ (బయటి కరెంటుకీ జెనరేటర్‌కీ మధ్య మార్చేది), ఇన్వర్టర్ లేని మామూలు 30 ఆంప్‌ల బండి అయితే దీన్ని తేలిగ్గా పరీక్షించొచ్చు. కార్డుని దేనికీ తగిలించకుండా, మెయిన్ బ్రేకర్ వేసే ఉంచి, ప్లగ్గు న్యూట్రల్ బ్లేడుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలవండి. సున్నాకి దగ్గరగా చూపిస్తే రెండూ ఎక్కడో కలిసిపోయాయి. ట్రాన్స్‌ఫర్ స్విచ్ ఉన్న బండిలో ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది, తెలిసిన టెక్నీషియన్‌కి వదిలెయ్యండి.

జెనరేటర్, ఇన్వర్టర్‌ల దగ్గర లెక్క మారుతుంది. అవి నడుస్తున్నప్పుడు కరెంటు పుట్టేది బండిలోనే కాబట్టి, న్యూట్రల్–ఎర్త్ కలయిక కూడా అక్కడే ఉండాలి. మంచి ఇన్వర్టర్-చార్జర్‌లో ఒక రిలే ఈ పని చూసుకుంటుంది. బ్యాటరీ మీద నడిచేటప్పుడు రెంటినీ కలుపుతుంది, పెడెస్టల్ కరెంటు రాగానే విడదీస్తుంది. చవక ఇన్వర్టర్లలో ఇది ఉండదు. కొన్నిట్లో రెండు ఔట్‌పుట్ తీగలూ ఎర్త్‌తో పోలిస్తే చెరి 60 వోల్టుల మీద తేలుతూ ఉంటాయి. అలాంటిదాన్ని ఆర్‌వీ ప్యానెల్‌కి కలపనే కూడదు. చేతితో మోసుకెళ్లే చిన్న జెనరేటర్లు చాలావాటిలో న్యూట్రల్ తేలుతూనే ఉంటుంది. ఈఎంఎస్ (కరెంటు సరిగా ఉందో లేదో చూసే రక్షణ పరికరం) ‘ఎర్త్ లేదు’ అని చూపించి కరెంటు లోపలికి వదలకపోవడానికి కారణం అదే. దానికి న్యూట్రల్–ఎర్త్ కలిపిన బాండింగ్ ప్లగ్గు జెనరేటర్‌లోని ఖాళీ రిసెప్టకిల్‌లో పెడతారు. ఆ ప్లగ్గు జెనరేటర్‌కే. ఇంటి ప్లగ్గులోగానీ పెడెస్టల్‌లోగానీ పెట్టకూడదు.

పెడెస్టల్ ముందు అయిదు నిమిషాలు

30 ఆంప్‌ల ప్లగ్గు పేరు టీటీ-30. మూడు పిన్నులు, 120 వోల్టులు, 3,600 వాట్లు. 50 ఆంప్‌లది నీమా 14-50. నాలుగు పిన్నులు, రెండు ఫేజు తీగలు, ఒక్కోదాని మీద 50 ఆంప్‌లు, మొత్తం 12,000 వాట్లు. అంకెలు చూసి రెంటికీ తేడా కొంచెమే అనుకుంటారు గానీ, వాస్తవంలో మూడు రెట్లకి మించి ఉంది.

చేరగానే బ్రేకర్ ఆపి రిసెప్టకిల్‌ని పరిశీలించండి. ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగిందా, రంధ్రాల చుట్టూ కరిగిందా, ప్లగ్గు పెడితే కదులుతోందా? ఏ ఒక్కటి ఉన్నా ఆ సైటు వద్దు, వేరేది అడగండి. 30 ఆంప్‌ల ప్లగ్గుల్లో మాడిపోయే భాగం చాలావరకు ఇదే. లెక్క చూడండి. కాంటాక్టులో నిరోధం 0.1 ఓమ్ ఉండి 25 ఆంప్‌లు ప్రవహిస్తే, 25 × 25 × 0.1 = 62.5 వాట్లు. ఒక పాతకాలపు 60 వాట్ల బల్బు వేడంతా వేలెడు పిన్ను దగ్గర పుడుతోందన్నమాట. వేడికి స్ప్రింగు పట్టు సడలుతుంది, సడలితే నిరోధం పెరుగుతుంది, పెరిగితే ఇంకా వేడెక్కుతుంది. బ్రేకర్‌కి ఇదేమీ కనబడదు, దాని దృష్టిలో పోతున్నది 25 ఆంప్‌లే. బ్రేకర్ వేసి ఉండగానే ప్లగ్గు పెట్టడం, పీకడం వల్ల వచ్చే నిప్పురవ్వ పిన్నుల్ని గుంటలు పడేలా తింటుంది, మాడడం మొదలయ్యేది అక్కడే. కాబట్టి తగిలించేముందు బ్రేకర్ ఆపాలి. తీసేముందు లోపలి ఏసీ, హీటర్లు ఆపి, తర్వాత బ్రేకర్ ఆపి, అప్పుడు ప్లగ్గు తియ్యాలి. తగిలించిన అరగంటకి, ఏసీ బాగా నడుస్తుండగా, ప్లగ్గు ప్లాస్టిక్ వెనక భాగాన్ని ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపెయ్యండి.

వోల్టులు కొలవడం తర్వాతి పని. టీటీ-30లో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 120, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 120, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య సున్నా లేదా ఒకటి రెండు. 14-50లో రెండు ఫేజుల మధ్య 240, ఒక్కో ఫేజు నుంచి న్యూట్రల్‌కి 120. ఫేజుల మధ్య 208 వస్తే కంగారక్కర్లేదు, అది మూడు ఫేజుల సరఫరా. సున్నా వస్తే మాత్రం రెండు ఫేజులూ ఒకే లైను నుంచి తీశారు. అప్పుడు న్యూట్రల్‌లో రెండు కరెంటులూ ఒకదాన్నొకటి తగ్గించుకోవు, కూడుకుంటాయి. 6 గేజు న్యూట్రల్ తీగ మీద 100 ఆంప్‌ల దాకా పడొచ్చు.

50 ఆంప్‌ల బండికి న్యూట్రల్ వదులైతే వచ్చే నష్టం ఇంకో రకం. ఒక ఫేజు మీద 1,500 వాట్ల హీటరు, రెండో దాని మీద 300 వాట్ల టీవీ, చార్జర్లు ఉన్నాయనుకోండి. వాటి నిరోధాలు సుమారు 9.6, 48 ఓమ్‌లు. న్యూట్రల్ పోగానే రెండూ 240 వోల్టులకి వరుసగా కలిసిపోతాయి. హీటరుకి 40 వోల్టులే అందుతాయి, టీవీ వైపు 200 వోల్టులు పడతాయి. ఒక పక్క లైట్లు మసకబారి, ఇంకో పక్క ధగధగా వెలిగితే అదే గుర్తు. చూస్తూ నిలబడకుండా మెయిన్ ఆపాలి.

ఇదంతా ప్రతిసారీ మీటరుతో చెయ్యడం కష్టం అంటే ఈఎంఎస్ కొనండి. ఇక్కడ నా మాట గట్టిగానే ఉంటుంది. ఉత్త సర్జ్ ప్రొటెక్టర్‌కి డబ్బు పెట్టొద్దు. అది పిడుగు లాంటి క్షణకాలపు పోటునే ఆపుతుంది. ఈఎంఎస్ అయితే తక్కువ వోల్టేజీ, ఎక్కువ వోల్టేజీ, తెగిన ఎర్త్, తెగిన న్యూట్రల్, తిరగబడ్డ పోలారిటీ, అన్నీ చూసి బాగుంటేనే కరెంటు లోపలికి వదులుతుంది. చాలావాటిలో కింది హద్దు 104 వోల్టుల దగ్గర, పై హద్దు 132 దగ్గర ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం పార్కంతా ఏసీలు వేసినప్పుడు వోల్టేజీ ఆ కింది హద్దుకి జారడం మామూలే. అంత తక్కువలో కంప్రెసర్ ఎక్కువ ఆంప్‌లు లాగి వేడెక్కుతుంది.

అన్నీ సరిగా చూపించి తగిలించాక కూడా, ఎవరూ బండిని ముట్టుకోకముందు నాన్-కాంటాక్ట్ టెస్టర్‌ని (తాకకుండానే కరెంటుని పసిగట్టి మోగేది) బండి లోహానికి దగ్గరగా పెట్టండి. నేల మీద నిలబడి, టెస్టర్‌ని చేత్తో పట్టుకుని. అది పనిచేస్తోందో లేదో ముందు తెలిసిన ప్లగ్గు మీద చూసుకోండి. బండి ఒంటికి కరెంటు ఎక్కి ఉంటే, అంత పెద్ద లోహం కాబట్టి టెస్టర్ దగ్గరికి వెళ్తుండగానే మోగుతుంది. తడి మట్టిలో స్క్రూడ్రైవర్ గుచ్చి, దానికీ రంగు లేని లోహానికీ మధ్య వోల్టులు కొలిస్తే ఇంకా నిర్ధారణ. రెండు మూడు వోల్టులు దాటితే బ్రేకర్ ఆపడమే.

ఈ టెస్టర్ అవసరం పార్కులో కన్నా పాత ఇంటి గరాజ్‌లో ఎక్కువ. మూడు లైట్ల చవక ప్లగ్గు టెస్టర్‌ని మోసం చేసే తప్పు ఒకటుంది. ఎర్త్ తీగ లేని పాత వైరింగ్‌కి ఎవరో మూడు రంధ్రాల ప్లగ్గు పెట్టి, న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకి చిన్న తీగ వేస్తారు. దానికి తోడు ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయంటే, ఎర్త్ రంధ్రంలోనే 120 వోల్టులు. మూడు లైట్ల టెస్టర్ మాత్రం ‘అంతా బాగుంది’ అంటుంది. బండి తగిలించిన మరుక్షణం ఛాసిస్ మొత్తం ఫేజు అయిపోతుంది. నాన్-కాంటాక్ట్ టెస్టర్ దీన్ని పట్టేస్తుంది.

ఇంటి దగ్గర 30 ఆంప్‌ల ప్లగ్గు పెట్టించేటప్పుడు జరిగే ఖరీదైన పొరపాటు కూడా చెప్పాలి. టీటీ-30 చూడటానికి పాతకాలపు బట్టల డ్రయ్యర్ ప్లగ్గులా ఉంటుంది. డ్రయ్యర్‌ది 240 వోల్టులు. అలవాటు కొద్దీ ఎలక్ట్రీషియన్ డబుల్ పోల్ బ్రేకర్ వేసి రెండు ఫేజులూ ఇచ్చేస్తాడు. బండి తగిలించగానే కన్వర్టర్, మైక్రోవేవ్, ఏసీ బోర్డు ఒకేసారి పోతాయి. కావాల్సింది సింగిల్ పోల్ 30 ఆంప్‌ల బ్రేకర్, 10 గేజు తీగ, 120 వోల్టులు. ఈ మాట పనివాడికి నోటితో చెప్పడం కాదు, కాగితం మీద రాసివ్వండి. తర్వాత మీటరుతో కొలిచాకే తగిలించండి.

30 ఆంప్‌ల ఇంటి వంట

30 ఆంప్‌లలో గంటల తరబడి వాడదగ్గది 80 శాతం, అంటే 24. ఇక పద్దు రాసుకోండి. 13,500 బీటీయూ రూఫ్ ఏసీకి సుమారు 13 ఆంప్‌లు. 1,440 వాట్ల వాటర్ హీటర్ ఎలిమెంట్‌కి 12. ఈ రెంటితోనే 25 అయింది. వెయ్యి వాట్ల మైక్రోవేవ్ గోడ నుంచి లాగేది 1,500 వాట్ల దాకా ఉంటుంది, అంటే 12 పైన. 1,800 వాట్ల ఇండక్షన్ స్టవ్‌కి 15. వెయ్యి వాట్ల ఇన్‌స్టంట్ పాట్‌కి 8 పైన. 700 వాట్ల రైస్ కుకర్‌కి 6. రాత్రి బ్యాటరీ వాడేసి పొద్దున్నే తగిలిస్తే 55 ఆంప్‌ల కన్వర్టర్ ఒక్కటే 8 దాకా తింటుంది, దీన్ని లెక్కలో మర్చిపోతారు.

మధ్యాహ్నం ఏసీ నడుస్తుండగా అన్నం, పప్పు కావాలంటే వాటర్ హీటర్‌ని, ఫ్రిజ్‌ని గ్యాసుకి మార్చెయ్యండి. అప్పుడు ఏసీ 13, రైస్ కుకర్ 6, కన్వర్టర్ 3 నుంచి 4, సరిపోతుంది. ఇన్‌స్టంట్ పాట్ దాని తర్వాత పెట్టండి. అన్నీ కలిపి వేస్తే 30 దాటుతుంది గానీ, 33 ఆంప్‌లకి కూడా బ్రేకర్ వెంటనే పడదు, చాలాసేపు మోస్తుంది. ఆ సేపంతా పైన చెప్పిన ప్లగ్గు ఉడుకుతూ ఉంటుంది. ‘బ్రేకర్ పడలేదు కాబట్టి బాగానే ఉంది’ అనే లెక్క అందుకే తప్పు.

ఆర్‌వీ గోడల్లోని ప్లగ్గులు కూడా ఇంటివాటిలా ఉండవు. వెనక డబ్బా లేకుండా, తీగని కోసుకుంటూ పట్టుకునే బ్లేడ్లతో నొక్కి బిగించే రకం చాలా బండ్లలో ఉంటుంది. నియమం ఒప్పుకుంటుంది. కానీ రోడ్డు కుదుపులకి ఆ పట్టు సడలుతుంది. 1,500 వాట్ల రూమ్ హీటర్‌ని రాత్రంతా దాని మీద నడిపితే గోడ లోపల మాడుతుంది. ప్లగ్గు మూత పసుపు పచ్చగా మారితే దాన్ని విప్పి, డబ్బా పెట్టి, స్క్రూలు ఉన్న మంచి రిసెప్టకిల్ వేయించండి. ఇండియా నుంచి తెచ్చిన మిక్సీని స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిపేవాళ్లు, 750 వాట్ల మిక్సీకి 120 వోల్టుల వైపు ఆరు ఆంప్‌లకి పైనే పడుతుందని, మొదలయ్యే క్షణంలో అంతకి ఎన్నో రెట్లు లాగుతుందని గుర్తుంచుకోండి. చవక ఇన్వర్టర్ మీద ఆ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టకండి.

ఇంటి దగ్గర ఏసీ వేసి చూద్దామని 100 అడుగుల సన్న ఎక్స్‌టెన్షన్ తియ్యడం కూడా మానాలి. 16 గేజు తీగ పోనూ రానూ 200 అడుగులకి 0.8 ఓమ్. 13 ఆంప్‌ల దగ్గర పదిన్నర వోల్టులు దారిలోనే పోతాయి, 135 వాట్లు తీగ వేడెక్కడానికి ఖర్చవుతాయి. చుట్టగా చుట్టి పెడితే ఆ వేడి బయటికి పోదు, కరుగుతుంది. అదే 10 గేజు అయితే పోయేది రెండున్నర వోల్టులే.

12 వోల్టులు షాక్ కొట్టవు, కాలుస్తాయి

సొంతంగా వ్యాన్ చేసుకునేవాళ్లు 12 వోల్టులే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. ఆ తక్కువ వోల్టేజీ వల్లే ఆంప్‌లు పెరుగుతాయి. 2,000 వాట్ల ఇన్వర్టర్ పూర్తి లోడులో, 90 శాతం సామర్థ్యంతో, బ్యాటరీ నుంచి 185 ఆంప్‌లు లాగుతుంది. లగ్గు (కేబుల్ చివర బిగించే రాగి కొస) దగ్గర ఒక్క మిల్లీఓమ్ నిరోధం ఉంటే అక్కడ 34 వాట్ల వేడి, అంటే సోల్డరింగ్ ఐరన్‌కి సమానం. దాన్ని పరుపు కింద చెక్కపెట్టెలో పెట్టి నిద్రపోతున్నట్టు.

ఆ ఒక్క మిల్లీఓమ్ ఎక్కణ్నుంచి వస్తుందంటే, సుత్తితో కొట్టి బిగించిన లగ్గు నుంచి, టార్క్ చూడకుండా బిగించిన నట్టు నుంచి, అన్నిటికన్నా తరచుగా లగ్గుకీ బస్‌బార్‌కీ (కేబుళ్లు కలిసే రాగి పట్టీకి) మధ్య పెట్టిన స్టీలు వాషర్ నుంచి. స్టీలు వాషర్ నట్టు కింద, లగ్గు పైన ఉండాలి. రాగి రాగినే తాకాలి. లగ్గుని నొక్కి బిగించే హైడ్రాలిక్ క్రింపర్ కొనలేకపోతే లగ్గులు బిగించిన రెడీమేడ్ కేబుళ్లు కొలతకి చేయించుకోండి. 2,000 వాట్లకి 2/0 కేబుల్, 250 ఆంప్‌ల ఫ్యూజు. 3,000 వాట్లకి ఇంకా లావైన 4/0, 400 ఆంప్‌లు. ఇన్వర్టర్ మాన్యువల్‌లో ఇంకా లావు చెబితే మాన్యువల్ మాటే వినండి. దూరం ఎంత తక్కువైతే అంత మంచిది.

ఫ్యూజు ఉండేది తీగని కాపాడటానికి, పరికరాన్ని కాదు. 18 గేజుకి 6 ఆంప్‌లు, 16కి 8, 14కి 15, 12కి 20, 10కి 30, ఇంతకి మించి ఫ్యూజు వెయ్యకూడదు. అది బ్యాటరీకి 18 అంగుళాల లోపల ఉండాలి, ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న తీగని ఎవరూ కాయడం లేదు. ఆ ముక్క ఛాసిస్ అంచుకి రాసుకుంటే ఆపే దిక్కు లేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంప్‌లు వదలగలదు. మామూలు ఫ్యూజు కరిగినా లోపల మెరుపు ఆగక కరెంటు పోతూనే ఉండొచ్చు. దానికి క్లాస్ టీ ఫ్యూజు వెయ్యండి, అది 20,000 ఆంప్‌ల దాకా తెంచగలదు. లోపల బీఎంఎస్ (బ్యాటరీని కాచే ఎలక్ట్రానిక్ బోర్డు) ఉందని ఫ్యూజు మానెయ్యకండి. 120 వోల్టుల ఏసీ బ్రేకర్‌ని డీసీలో వాడకండి. ఏసీ కరెంటు సెకనుకి 120 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి మెరుపు తనంతట తాను ఆరిపోతుంది, డీసీలో అలా ఆరదు.

తీగ సైజు వేడి చూసి ఒకసారి, వోల్టేజీ పడిపోవడం చూసి ఇంకోసారి ఎంచాలి. 20 అడుగుల దూరంలో 10 ఆంప్‌ల ఫ్రిజ్‌కి 14 గేజు వేస్తే పోనూ రానూ 40 అడుగులు, 0.1 ఓమ్, ఒక వోల్టు పోతుంది. తెల్లవారుజామున బ్యాటరీ నీరసించినప్పుడు ఫ్రిజ్ తక్కువ వోల్టేజీ అని ఆగిపోతుంది, మీరు ఫ్రిజ్‌ని తిడతారు. 10 గేజు వేస్తే పోయేది 0.4 వోల్టు.

రంగుల దగ్గర జాగ్రత్త. కార్లలో నలుపు నెగటివ్. ఆర్‌వీ ఇంటి వైపు 12 వోల్టుల్లో చాలా బండ్లలో నలుపు పాజిటివ్, తెలుపు నెగటివ్. బ్యాటరీ మార్చేటప్పుడు కారు అలవాటుతో తారుమారు చేస్తే కన్వర్టర్ మీది రివర్స్ పోలారిటీ ఫ్యూజులు ఎగిరిపోతాయి. అవి ఎగిరిపోవడం మన అదృష్టం. కానీ అవి పోయాయని తెలియక, కన్వర్టర్ చార్జ్ చెయ్యడం లేదని కొత్తది కొనేవాళ్లు ఉన్నారు. ముందు ఆ రెండు ఫ్యూజులూ చూడండి. అంతకన్నా ముందు, బ్యాటరీ విప్పేటప్పుడే ఫొటో తీసుకుని మీటరుతో గుర్తుపెట్టుకోండి.

ఇన్వర్టర్ ప్లగ్గులోనే ఆర్‌వీ కార్డు తగిలించి వాడేవాళ్లు కన్వర్టర్ బ్రేకర్ ఆపాలి. లేకపోతే బ్యాటరీ తనని తానే చార్జ్ చేసుకోబోయి, దారిలో వేడి రూపంలో ఖాళీ అవుతుంది. లిథియం బ్యాటరీని ఇంజను ఆల్టర్నేటర్‌కి నేరుగా కలపకుండా డీసీ-డీసీ చార్జర్ పెట్టండి. లేకపోతే ఆల్టర్నేటర్ తన శక్తి కొద్దీ ఇస్తూ మాడిపోతుంది. గడ్డకట్టే చలిలో, సున్నా డిగ్రీల కింద, ఆ బ్యాటరీని చార్జ్ చెయ్యకూడదు.

ట్రెయిలర్‌కి బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్ పెట్టేవాళ్లు ఒక తీగని మాత్రం దాని గుండా పోనివ్వకండి. బ్రేక్‌అవే స్విచ్ తీగ అది. ట్రెయిలర్ ఊడిపోతే బ్రేకులు వేసేది అదే, నేరుగా బ్యాటరీ నుంచే రావాలి. స్లైడ్ అవుట్ (బండి పక్కకి జరిగే భాగం) కింద కదిలే తీగల్ని, ఛాసిస్ రంధ్రాల గుండా వెళ్లే చోట రబ్బరు గ్రోమెట్లని, బ్యాటరీ లగ్గుల బిగింపుని, ప్యానెల్‌లోని స్క్రూలని ఏడాదికోసారి, సీజను మొదలయ్యే ముందు చూడాలి. కార్డు పీకి, జెనరేటర్, ఇన్వర్టర్ ఆపి, బ్యాటరీ నెగటివ్ విప్పాకే ప్యానెల్ మూత తియ్యండి. మూత పెట్టాక దాని ముందు సూట్‌కేసులు పేర్చకండి. 24 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల లోతు ఖాళీ వదలమని నియమం చెబుతోంది, రాత్రి పొగ వాసనకి లేచినవాళ్ల చెయ్యి మెయిన్ బ్రేకర్‌కి అందడానికి.